షెరీఫ్ బీరువా

తీర్మానం రాసింది నేనే. కోల్టర్ కౌంటీ బోర్డులో గుమస్తాని. ముగ్గురు కమిషనర్లు మాట్లాడింది రాయడం, రాసింది భద్రపరచడం నా పని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. నాన్న ముప్పై ఏళ్ళు గోధుమ గోదాముల్లో పనిచేశాడు. అందుకని ఊళ్ళో ఏ కాగితం వచ్చినా "మార్లిస్‌కి చూపించండి, చదువుకున్న పిల్ల" అంటారు. నేను చదివింది లా కాదు, వ్యవసాయ మార్కెటింగ్. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

ఆ వేసవిలో రాష్ట్ర శాసనసభ తుపాకుల మీద కొత్త చట్టం చేసింది. ఇకనుంచి తుపాకి కొనాలంటే వేలిముద్రలిచ్చి పర్మిట్ తెచ్చుకోవాలి. ఫలానా మనిషి చేతిలో తుపాకి ఉండటం ప్రమాదమని ఇంట్లోవాళ్ళు కోర్టుకి చెబితే, షెరీఫ్ వెళ్ళి వాటిని పట్టుకురావాలి. కొండలకి పడమర, వానలు పడే వైపు నగరాలవాళ్ళకి అది నచ్చింది. మా వైపు కౌంటీలు ఒక్కొక్కటే "మేం అమలు చెయ్యం" అని తీర్మానాలు చేశాయి. సెప్టెంబరు దాటేసరికి మా చుట్టూ ఉన్న నాలుగు కౌంటీలూ చేసేశాయి. మేమింకా చెయ్యలేదు. కాఫీ హోటల్లో మా కమిషనర్లని "రాజధాని అల్లుళ్ళు" అని వెక్కిరించడం మొదలైంది.

మా బోర్డు చైర్మన్ ఆర్విల్ స్టెన్‌రుడ్. అరవై తొమ్మిదేళ్ళ గోధుమ రైతు. నాలుగు వేల ఎకరాలు ఒంటిచేత్తో సాగుచేస్తారు. గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు, ఆయన మాట కాదనడం కూడా ఎవరూ చూడలేదు. మార్చిలో భార్య ఇంగా పోయింది. అంత్యక్రియలైన మూడో రోజునే రోడ్ల పద్దు మీద సమావేశం నడిపించారు. ఆయనే ఒకరోజు పక్క కౌంటీ తీర్మానం కాపీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, పేర్లు మార్చి మనకి తగ్గట్టు చెయ్యమన్నారు.

నేను పేర్లు మార్చి ఊరుకోలేదు. ఆ కాపీలో నాలుగో క్లాజు ఇలా ఉంది: ఈ చట్టం కింద స్వాధీనం చేసుకున్న తుపాకులను కౌంటీ భవనాల్లో ఉంచరాదు. ఇందులో నాకొక కన్నం కనిపించింది. రేపు రాష్ట్రంవాళ్ళు దాన్ని స్వాధీనం అనకుండా ఇంకేదో పేరు పెడితే? అందుకని తిరగరాశాను. కోర్టు కేసుల్లో సాక్ష్యంగా తప్ప, ఎవరి తుపాకినైనా, ఏ కారణం చేతనైనా, కౌంటీ భవనంలో గాని కౌంటీ ఉద్యోగి అధీనంలో గాని ఉంచరాదు. మళ్ళీ చదువుకున్నాను. ఎక్కడా సందు లేదనిపించింది.

అక్టోబరులో హైస్కూలు బాస్కెట్‌బాల్ హాల్లో సభ పెట్టారు. కౌంటీ మొత్తం కలిపి రెండు వేల మంది ఉంటే మూడు వందల మంది వచ్చారు. ఆర్విల్ గారు క్లాజులు ఒక్కొక్కటే చదివారు. నాలుగోదానికి జనం లేచి చప్పట్లు కొట్టారు. ఇంకోసారి చదవమంటే ఇంకోసారి చదివారు. మూడు చేతులూ లేచాయి. మర్నాడు హోటల్లో కాఫీ అందరికీ మా నాన్నే పోయించాడట.

తీర్మానం అయ్యాక దాన్ని అన్ని శాఖలకీ పంపి, రెండు వారాల్లోగా ఎలా అమలు చేశారో రాసి పంపమని అడగడం నా బాధ్యత. పంపాను. రోడ్ల శాఖవాళ్ళు "మా దగ్గర పారలే ఉన్నాయి, ఉంచుకోవచ్చా?" అని రాశారు. మిగతావాళ్ళు సంతకం పెట్టి తిప్పి పంపారు. షెరీఫ్ ఆఫీసు నుంచి కాగితం రాలేదు. షెరీఫే వచ్చాడు.

రాయిస్ హాన్లన్ పదిహేనేళ్ళుగా మాకు షెరీఫ్. ఆఫీసు కోర్టు భవనం కింది అంతస్తులో, నాది పైన. మోకాలి నొప్పి మనిషి, మెట్లెక్కడం అరుదు. కుర్చీలో కూర్చుని, తలుపు వెయ్యమన్నాడు. కింద తన గది వెనక ఒక ఇనప బీరువా ఉందని చెప్పాడు. నాకు తెలీదు. దాని గురించి ఏ కాగితమూ నా బల్ల దాటలేదు మరి.

అతను చెప్పింది ఇది. తన ముందు షెరీఫ్ కాలం నుంచీ మనుషులు వచ్చి తుపాకులు ఆ బీరువాలో పెట్టి పోతుంటారు. పంట పోయిన ఏడు, ఇంట్లో ఎవరైనా పోయిన ఏడు, భార్య విడిచి వెళ్ళిన ఏడు, తుపాకి చేతికందితే తమని తామే ఏం చేసుకుంటారోనని. పడగ్గదిలో కార్పెట్ మార్పిస్తున్నాం, సామాను అడ్డంగా ఉంది, కొన్నాళ్ళు ఉంచమంటారు. షెరీఫ్ ఏ రంగు కార్పెట్ అని అడగడు. తుపాకికి పేరు రాసిన చీటీ కట్టి లోపల పెడతాడు. తర్వాత ఆ మనిషి తిరిగొచ్చి అడిగితే కూర్చోబెట్టి కాఫీ ఇస్తాడు, అరగంట పంటల గురించి మాట్లాడతాడు. మనిషి కుదుటపడ్డాడనిపిస్తే ఇచ్చేస్తాడు. లేకపోతే తాళం పట్టేసింది, బాగుచేసేవాణ్ణి పిలిపించాలి, వచ్చే నెల రమ్మంటాడు. ఆ తాళం పదిహేనేళ్ళలో చాలాసార్లు పట్టేసింది.

"మొన్నటిదాకా ఐదుగురివి ఉన్నాయి," అన్నాడు. "నలుగురికి ఫోన్ చేశాను, పట్టుకెళ్ళారు. వాళ్ళకి ఫరవాలేదు. ఐదోవాడి సంగతే తేలడం లేదు."

ఎవరని నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆ బీరువా సంగతి నాకు తెలీక రాశానన్నాను. శాఖలకి పంపిన కాగితం వెనక్కి తీసుకుంటానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నీ కాగితం కాదమ్మా, బోర్డు మాట. రాష్ట్రం చట్టం అమలు చెయ్యనని మూడొందల మంది ముందు నిలబడి చెప్పాను. ఏ ధైర్యంతో? కౌంటీ మాట ఉందని. ఇప్పుడు కౌంటీ మాట కూడా పాటించనంటే, ఇక నేను షెరీఫ్‌ని కాదు, బెల్టు కట్టుకున్న మనిషిని."

గడువు సోమవారంతో అయిపోతుంది. ఆ రోజు పొద్దున్న బీరువా ఖాళీ చెయ్యాలి.

మర్నాడు ఆర్విల్ గారు వచ్చారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, తీర్మానంలో ఒక క్లాజు మార్చాలంటే ఏం చెయ్యాలని అడిగారు. ఎన్నో క్లాజు అన్నాను. నాలుగు అన్నారు. అప్పుడు నాకు తెలిసింది ఐదో మనిషి ఎవరో.

కాపీలో లేనిది నేనే కలిపానని చెప్పాను. ఆ మాట నన్ను నిన్నటి నుంచి తొలిచేస్తోంది. ఆయన నా తప్పు కాదన్నారు. "నువ్వు రాశావు, నేను రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా గట్టిగా చదివాను. అది రాయిస్ బీరువా అనుకున్నానే గాని, కౌంటీ బీరువా అని తట్టలేదు."

పొరుగువాళ్ళెవరింట్లోనైనా పెట్టకూడదా అని అడిగాను.

"ఎవరింట్లో పెట్టను? ఏప్రిల్‌లో ఒకసారి రాయిస్ దగ్గరికి వెళ్ళి ఇచ్చెయ్యమన్నాను. తాళం పట్టేసిందన్నాడు. మే నెలలో ఇంకోసారి వెళ్ళాను. అప్పుడూ అదే మాట. ఈ చుట్టుపక్కల నా మాట కాదనేవాడు రాయిస్ ఒక్కడేనమ్మాయ్. మిగతా ఎవడైనా, ఆర్విల్ అడిగాడని పరిగెత్తుకుంటూ తెచ్చి నా చేతిలో పెడతాడు."

ఇంగా పోయిన ఇంట్లో రాబోయే చలికాలం ఆయన ఒక్కరే ఉండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొలం పని ఉండదు. మంచు పడితే దారి కూడా ఉండదు.

నియమాలు చెప్పాను. మూడు రోజుల ముందు నోటీసు అంటించాలి. ఒక కమిషనర్ ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. సవరణకి కారణం సమావేశం మినిట్స్‌లో రాయాలి. మూడో కమిషనర్ గ్యారీ తుంటి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నారు. అంటే మిగిలిన కమిషనర్ లోర్నా పిట్స్ ఒప్పుకోకపోతే సవరణ పడిపోయినట్టే. కారణం ఏమని రాయాలి అన్నాను. సోమవారం చూద్దామన్నారు.

నోటీసు అంటించిన గంటకే లోర్నా ఫోన్ చేసింది. స్కూలు బస్సుల కాంట్రాక్టు నడిపే మనిషి, వచ్చే ఏడు ఎన్నికలో ఉంది. నాలుగో క్లాజు ఎవడికి అడ్డొచ్చిందో చెప్పమంది. ప్రతిపాదన చైర్మన్ గారిదని మాత్రం చెప్పాను. ముసలాయన్ని రాజధానివాళ్ళు పట్టేసుకున్నారా అంది. సమావేశంలో అడగమన్నాను. గట్టిగా అడుగుతానంది.

సోమవారం పొద్దున్న తొమ్మిదికి నేను వచ్చేసరికి, కోర్టు వెనక ఆర్విల్ గారి పికప్ బండి ఆగి ఉంది. వెనక టార్పాలిన్ కప్పి తాడు కట్టి ఉంది. గడువు మాట ప్రకారం షెరీఫ్ ఎనిమిదింటికే అన్నీ ఆయనకి అప్పజెప్పేశాడట. ఐదు రైఫిళ్ళు, రెండు షాట్‌గన్లు, వాళ్ళ నాన్న రివాల్వరు. సవరణ పడిపోతే ఆయన వాటితోనే ఇంటికి వెళ్ళాలి. ఇరవై రెండు మైళ్ళు.

సమావేశానికి పదకొండు మంది వచ్చారు. ఇంకో రెండు కుర్చీలు కావాల్సొచ్చాయి. ప్రతి సమావేశానికీ ఫ్లాస్కుతో వచ్చే వర్న్ ముందు వరసలో కూర్చున్నాడు. షెరీఫ్ లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆర్విల్ గారు ప్రతిపాదన చదివారు. నాలుగో క్లాజు చివర ఒక వాక్యం కలపాలి: యజమాని తనంతట తానుగా తెచ్చి ఇచ్చినవాటికి ఇది వర్తించదు. బలపరిచేవారెవరని అడిగారు.

లోర్నా పెన్ను కింద పెట్టింది. నెల తిరక్కముందే మాట మారిస్తే పక్క కౌంటీలవాళ్ళు మొహాన ఊస్తారంది. ఇదే రాష్ట్రంవాళ్ళు కోరుకునే కన్నమంది. ఈరోజు తనంతట తానుగా అంటారు, రేపు ఇంట్లోకొచ్చి మెడ మీద చెయ్యేసి తనంతట తానుగా ఇచ్చాడని రాసుకుంటారు. ఆ మాటలో తప్పేం లేదు. ఆ భయంతోనే కదా నేనూ ఆ క్లాజు రాసింది. వెనక నుంచి ఎవరో నిజమే అన్నారు.

"అసలు ఎవరి కోసం ఇది, ఆర్విల్?" అంది. "కొండల అవతలవాళ్ళ కోసమా?"

"నా కోసం," అన్నారాయన.

లోర్నా అర్థం కానట్టు చూసింది.

"మార్చి నుంచి నా తుపాకులు కింద రాయిస్ బీరువాలో ఉన్నాయి. ఈ పొద్దున్న బయటికొచ్చాయి. నా బండిలో ఉన్నాయి. అవి ఈ చలికాలం నా ఇంట్లో ఉండటం నాకిష్టం లేదు. రాష్ట్రం వచ్చి అడిగితే ఇవ్వను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. ఎవరూ అడక్కుండా నేనే ఇస్తానంటే తీసుకునేవాడు లేకుండా చేసుకున్నాం, లోర్నా. అది సరిచెయ్యమంటున్నాను."

వర్న్ ఫ్లాస్కు మూత తిప్పుతూ తిప్పుతూ ఆపేశాడు. లోర్నా తన ముందున్న కాగితం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఇంగా ఆమె కూతురికి సంగీతం నేర్పింది. అది గుర్తొచ్చిందో, గదిలో ఉన్న ఓటర్లు గుర్తొచ్చారో నాకు తెలీదు.

"ఇంట్లో ఒక్కడివే వండుకుంటున్నావా?" అంది చివరికి.

"డబ్బా సూపు."

"అనుకున్నా." పెన్ను తీసుకుంది. "బలపరుస్తున్నాను."

ఓటు తీసుకున్నాం. రెండు అనుకూలం, వ్యతిరేకం లేదు, ఒకరు గైర్హాజరు. నేను రాసుకుని, కారణం గడి దగ్గర ఆగాను. మినిట్స్ ఎవరైనా చదవొచ్చు. పత్రికవాళ్ళు కూడా అడిగి తీసుకుంటారు. ఏమని రాయమంటారని అడిగాను. కావాలంటే 'పరిపాలనా సౌలభ్యం' అని రాస్తానన్నాను. అలాంటి మాటలు నాకు చాలా తెలుసు.

"నేను చెప్పింది చెప్పినట్టు రాయి," అన్నారు ఆర్విల్ గారు. "పేరు కూడా పెట్టు."

రాశాను. ఆయన జేబులోంచి బండి తాళాలు తీసి, బల్ల మీదుగా ముందు వరసలో ఉన్న వర్న్‌కి ఇచ్చారు. వర్న్ లేచి గుమ్మం దగ్గర షెరీఫ్‌కి అందించాడు. షెరీఫ్ వాటిని తీసుకుని, నొప్పి మోకాలితో మెట్లు దిగి పికప్ దగ్గరికి వెళ్ళాడు. లోర్నా కిటికీ వైపు చూసింది. ఆర్విల్ గారు చూడలేదు. తర్వాతి అంశం ఉత్తరం రోడ్డుకి కంకర. దాని మీద నలభై నిమిషాలు పట్టింది, ఎందుకంటే ఉత్తరం వైపు నుంచి వచ్చిన నలుగురూ ఒకేసారి మాట్లాడారు.