ఎత్తాక దించకూడదు

“అంత దూరం వెళ్ళడం ఎందుకు, ఇంట్లోనే చేసుకుందాంలే” అన్నాడాయన, సాక్సులు వెతుక్కుంటూ. వెతుక్కోవడమంటే ఆమె వెతుకుతుంటే చేయి చాపి నిలబడటం.

చేసుకుందాం. ఎంత కలుపుగోలు మాట. అందులో ‘చేసు’ ఆమెది, ‘కుందాం’ మిగతా అందరిదీ. పెళ్ళయిన కొత్తలో ఆ ‘దాం’ చెవిన పడితే ఆమెకు ఒళ్ళు పులకరించేది, ఇద్దరం కలిసి చేస్తాం కాబోలు అని. ఇల్లు సర్దుకుందాం అన్నప్పుడు ఆమె ఇల్లు సర్దింది, ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. చుట్టాలను పిలుచుకుందాం అన్నప్పుడు పిలుపు ఆయనది, పులుపూ కారం ఆమెవి. అలాగని ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. మంచివాడే. మంచినీళ్ళు కూడా మరొకరు తెచ్చిస్తే తప్ప తాగనంత మంచివాడు.

ఇంతకీ ఇంట్లో చేసుకుందామన్నది బర్గర్లు. శనివారం మధ్యాహ్నం రేడియో వస్తోంది, ఒక్క పూట ఉండి వెళ్ళిపోతుంది, పిన్నితో కలిసి ముగ్గురం పెనం పెద్దాయన హోటల్లో బర్గర్లు తింటాం అని ఆమె చెప్పినదానికి వచ్చిన జవాబు అది. రేడియో ఆమె చదువుకున్నప్పటి స్నేహితురాలు. రేడియాలజీ క్లాసులో చేరిన రోజు నుంచీ నోరు మూయలేదు కనుక ఆ పేరు. పిన్ని ఎవరికీ పిన్ని కాదు, ఈ ఇద్దరికంటే ఏడాది ముందు పుట్టిన నేరానికి ఆ వరస అంటగట్టారు. ఎక్స్‌రే తీయడం నేర్చుకునే రోజుల్లో ముగ్గురిదీ ఒకే అద్దె గది. వాళ్ళిద్దరి నోట ఆమె పేరు గుప్పెడు. మనిషీ గుప్పెడే, చేతులూ గుప్పెడే. ఇప్పుడీ ఇంట్లో ఆమెకు పేరంటూ లేదు. అమ్మా, కోడలా, ఏమోయ్. అన్నీ పిలుపులే, వినగానే లేవడానికి పనికొచ్చేవి.

“అయినా శనివారం మా అక్క వస్తానందిగా” అన్నాడాయన రెండో సాక్సు తొడుక్కుంటూ.

“ఆడబిడ్డ వస్తుంటే కోడలు ఇంట్లో లేకపోతే ఏం బాగుంటుందమ్మాయ్. ఆ పిల్లలనే ఇక్కడికి రమ్మను” అన్నారు అత్తగారు. ఆ పిల్లలిద్దరికీ ఇప్పుడు కళ్ళజోళ్ళున్నాయి, ఒకరికి మోకాళ్ళ నొప్పులు కూడా.

ఇంట్లో చేసుకోవడం కొత్తేం కాదు. ఓసారి వాళ్ళ అమ్మాయి పుట్టినరోజుకు చేసుకున్నారు. ఆమె పెనం ముందు నిలబడి కీమా ఉండలు నొక్కి కాలుస్తూ, బన్నులు వెన్నలో దోరగా వేయిస్తూ, ఒక్కొక్కటే పేర్చి పంపుతుంటే బల్ల దగ్గర నుంచి ‘ఇంకోటి’ అని, మళ్ళీ ‘ఇంకోటి’ అని వినిపించేది. “అచ్చం బయట తిన్నట్టే ఉంది” అన్నాడాయన. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు. తీరా ఆమె వంతు వచ్చేసరికి కీమా అయిపోయింది, బన్ను మిగిలింది. మధ్యలో ఒక ఉల్లి చక్రం పెట్టుకుని పొయ్యి దగ్గరే తినేసింది. “నిలబడి తింటే ఒంటికి పట్టదమ్మాయ్” అన్నారు అత్తగారు, ప్రేమగానే. లేచి కుర్చీ ఇచ్చినవాళ్ళు లేరు. ఆమె కన్ను తడవలేదు గానీ బన్ను మాత్రం కాస్త ఉప్పగా తగిలింది. ఉల్లిపాయ మహిమ అనుకుని ఊరుకుంది.

ఆ బల్ల దగ్గర ఆమెకూ ఒక కుర్చీ ఉంది, వంటింటి తలుపు పక్కన. ఊడ్చేవాళ్ళకు తప్ప తెలియని సంగతి ఒకటుంది, ఊడ్చేది ఆమే కనుక ఆమెకు తప్ప తెలియదు. ఆ కుర్చీ కింద నేల నిండా గీతలు. ఉప్పుకు లేచిన గీత, నీళ్ళకు లేచిన గీత, ‘కూర చల్లారిపోయింది చూడు’ అంటే లేచిన గీత. ఆయన చేతుల కుర్చీ కింద మాత్రం నేల వేయించిన నాటి నునుపు. ఎముకల్లో వెంట్రుకవాసి గీతలు దొరకబుచ్చుకునే ఉద్యోగం ఆమెది. ఆసుపత్రిలో డాక్టరు ఆమె తీసిన ఫిల్మును వెలుగుకు పెట్టి “ఎంత స్పష్టంగా వచ్చిందో, ఈ మెషీను బంగారం” అంటాడు. ఇంట్లో అన్నం పొడిపొడిగా వస్తే కుక్కరు బంగారం. మెచ్చుకోళ్ళన్నీ కరెంటుతో నడిచేవాటికే.

“ఊపిరి తీసుకోండి. బిగబట్టండి. కదలకండి. ఇక వదలండి.” రోజంతా ఆమె అద్దం వెనక నుంచి చెప్పే మాటలివి. ఒక్కోసారి ఆమెకు నవ్వొస్తుంది. తనకూ ఎవరో బిగబట్టమని చెప్పి, వదలమని చెప్పడం మరిచిపోయి టీ తాగడానికి వెళ్ళిపోయినట్టున్నారు.

పెనం పెద్దాయన హోటలు అప్పట్లో వాళ్ళ ట్రైనింగు ఆసుపత్రికి సరిగ్గా ఎదురుగా ఉండేది. హోటలంటే హోటలు కాదు. కాళ్ళు సమంగా లేని బల్లలు, కాళ్ళ కింద మడిచిపెట్టిన అట్టముక్కలు, గోడ పొడవునా ఒక పెనం. పెద్దాయన ఆ పెనం మీద కీమా ఉండ వేసి వెడల్పాటి గరిటెతో నొక్కితే ‘చుయ్’మన్న చప్పుడుకు వీధి అవతల రోగులక్కూడా ఆకలేసేది. అంచులు కరకరలాడుతుండగా తిరగేసి, పైన చీజు పరిచి, అది కరిగి జారబోతుండగా బన్ను కిరీటం పెట్టి ఇచ్చేవాడు. మొదటి కొరుకుకే సాసు మణికట్టు దాకా కారేది. కొరుకు కొరుకుకూ నవ్వు, నవ్వు నవ్వుకూ పొలమారడం. రేడియో నోరు మూతపడేది లోకంలో అక్కడొక్కచోటే, అదీ నిండటం వల్ల.

అక్కడే పుట్టింది వాళ్ళ నియమం. ట్రైనింగు పిల్లలకు భోజనం గంట ఉండేది గానీ భోజనం ఉండేది కాదు. సగం తినేసరికి సీనియరు కిటికీలోంచి చప్పట్లు కొట్టి పిలిచేవాడు. వీళ్ళు పడుతూ లేస్తూ వెళ్ళి, తిరిగొచ్చేసరికి కింది బన్ను తడిసి ముద్దయి, పైది ఎటో, కీమా ఎటో. రెండుమూడుసార్లు చూసి పెద్దాయనకు ఒళ్ళు మండింది. “చూడండమ్మాయిలూ, దీన్ని ఎత్తాక దించకూడదు. దించారా, మళ్ళీ లేవదు. ఆ చప్పట్లు ఆగుతాయి, ఇది ఆగదు” అన్నాడు. ఆ రోజు నుంచి ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. ఎత్తినది పూర్తయ్యేదాకా దించకూడదు. దించినవాళ్ళు తమ బంగాళాదుంప వేపుళ్ళు మిగతా ఇద్దరికీ అప్పగించాలి. రేడియో చేతులు ఊపి మాట్లాడుతూ దించేసేది, పిన్ని ముక్కు తుడుచుకోవడానికి దించేది. ఎన్నడూ దించనిది గుప్పెడు ఒక్కతే. సీనియరు వీధి దాటి వచ్చి నెత్తిన నిలబడినా, ఆ బుల్లి చేతుల మధ్య బర్గరు ఊడకుండా, కళ్ళెత్తి చూసి, నమిలి, మింగి, “అయ్యాక వస్తాను సార్” అంది. ఆ మాట గదిలో నెల రోజులు మారుమోగింది.

అలాంటి గుప్పెడు శనివారం తెల్లారకముందే లేచి ఆడబిడ్డకు ఇష్టమైనవన్నీ వండి, గిన్నెలు వరసగా బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.

“మరి వడ్డించేదెవరు?” అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

జవాబు దొరక్క కాదు, బస్సు దొరకదని ఆమె మాట్లాడకుండా బయల్దేరింది.

అదే బల్ల. కాళ్ళ కింద అట్టముక్కలు మాత్రం కొత్తవి. పెద్దాయన ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు, గరిటె కూతురి చేతిలో ఉంది. చుయ్‌మన్న చప్పుడు మాత్రం మారలేదు. అది వినగానే ఆమెకు వేసింది ఆకలి కాదు, ఆ కాలం. “గుప్పెడమ్మా, ఇంకా పందెం నీదేనా?” అన్నాడు పెద్దాయన. పేరు వినపడి ఆమె ఎవరినో అనుకుని వెనక్కి చూసింది.

బర్గర్లు వచ్చాయి. ముగ్గురూ ఒకేసారి ఎత్తారు. మొదటి కొరుకు. చీజు, పొగ వాసన, ఊరేసిన దోసకాయ ముక్క పులుపు, మణికట్టు దాకా సాసు. రేడియో కళ్ళు మూసుకుంది. పిన్ని ఏదో అనబోయి, తరవాత చెబుతాలే అన్నట్టు తల ఊపింది. ఆమెకు ఇరవై ఏళ్ళ నుంచి బిగబట్టిందేదో భుజాల దగ్గర వదులవుతున్నట్టనిపించింది.

అప్పుడు పక్క బల్ల దగ్గర ఒకాయన హోటలువాళ్ళను ఉద్దేశించి, “కొంచెం నీళ్ళు” అన్నాడు.

ఆమె కుర్చీ కీచుమంది. బర్గరు పళ్ళెంలో ఉంది. ఆమె నిలబడి ఉంది. చేతులు రుమాలుకు తుడుచుకుంటూ జగ్గు ఎక్కడుందా అని చూస్తోంది.

రేడియో పకపకా నవ్వింది. “ఓడింది. గుప్పెడు ఓడింది. వేపుళ్ళు ఇటివ్వు. ఒసేయ్, ఎక్కడికే లేచావు, ఆయన మీ ఆయన కాదే.” ఆ చివరి ముక్క నోరు దాటాక ఎందుకో దాని నవ్వు దానికే అడ్డం తగిలింది. పిన్ని నవ్వలేదు. పక్క బల్ల ఆయన కంగారుపడి, “అయ్యో, మిమ్మల్ని కాదమ్మా” అన్నాడు. మిమ్మల్ని కాదు. ఆమె నిలబడే ఆ మాట విన్నది. లేవమని ఎవరూ అనలేదు. ఎవరన్నారో, ఎవరినన్నారో మోకాళ్ళు అడగలేదు, అంతే. మనిషి కంటే ముందు మోకాళ్ళు లేచాయి. ఎన్ని ఎక్స్‌రేలు తీసింది, ఈ పగులు ఎక్కడా చూడలేదు. ఇది ఎముకలో లేదు మరి, వినికిడికీ నడకకూ మధ్యలో ఎక్కడో ఉంది.

ఆమె కూర్చుని పళ్ళెం ముందుకు తోసింది. “వేపుళ్ళు తీసుకోండే, నియమం నియమమే.”

“నాకొద్దు” అంది పిన్ని. “ఎప్పటి నుంచే ఇలా?”

ఎప్పటి నుంచి అంటే ఏం చెబుతుంది. కీమా అయిపోయిన రోజు కథ చెబుదామని మొదలుపెట్టింది. నవ్వించేలా చెబుదామనుకుంది, బన్ను, ఉల్లి చక్రం, అచ్చం బయట తిన్నట్టే ఉందన్న మాట. రేడియో మాట్లాడకుండా వింది. రేడియో మాట్లాడకుండా వినడం వాళ్ళ స్నేహంలో అదే మొదలు. ఆమె ముందున్న బర్గరు అప్పటికే విడిపోయి, కింది బన్ను తడిసిపోయింది. పెద్దాయన లేచి వచ్చి ఆ పళ్ళెం తీసుకెళ్ళాడు. కూతురు పెనం మీద మరొకటి వేసింది.

రెండోది ఎత్తగానే బల్ల మీద ఫోను మోగింది. తెర మీద ‘ఇల్లు’ అని పడింది. ఇల్లు పిలుస్తోంది, ఇంట్లోవాళ్ళెవరో కాదు, మొత్తం ఇల్లే. ఆమె చేతులు గట్టిగా బిగించింది. ఫోను బల్ల మీద గుండ్రంగా తిరుగుతూ మోగి, ఆగి, మళ్ళీ మోగింది. రేడియో దాని మీద ఖాళీ వేపుళ్ళ బుట్ట బోర్లించింది. ఆమె నమిలింది, మింగింది, మళ్ళీ కొరికింది. చివరి ముక్క దాకా చేతులు దించలేదు. అప్పుడు వేళ్ళు నాక్కుని, సబ్బుతో కడుక్కుని వచ్చి ఫోను చేసింది.

“పెద్ద గరిటె ఎక్కడుంది?” అన్నాడాయన.

“దొరికిందా?”

“ఆ, దొరికింది. మా అక్క వెతికింది.”

మర్నాడు ఆదివారం. ఆడబిడ్డ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఆమె అందరికీ వడ్డించి, తనకూ వడ్డించుకుని, అందరితో పాటే కూర్చుంది. జగ్గు ఎప్పటిలాగే వంటింటి గట్టు మీద ఉంది. మొదటి ముద్ద ఎత్తిందో లేదో ఆయన పళ్ళెంలోకి చూస్తూనే “నీళ్ళు” అన్నాడు.

మోకాళ్ళు కదిలాయి. ఆమె పాదాలు రెండూ నేలకు అదిమి పెట్టింది.

“తింటున్నానండీ” అంది.

“తిను, తిను. ఓసారి అవి ఇచ్చేసి...”

“ఎత్తాక దించకూడదు.”

ఆయన తలెత్తాడు. అత్తగారు చెంచా ఆపారు. “అదేంటమ్మాయ్, డాక్టరెవరైనా చెప్పాడా?”

“అవునండీ. పెనం డాక్టరు.”

అమ్మాయి మధ్యలో కల్పించుకుని, “నేను తెస్తాలే నాన్నా” అంటూ లేవబోయింది. ఆ పిల్ల కుర్చీ కింద ఇప్పటికే రెండు గీతలున్నాయి, ఆమె చూసింది. “నువ్వు కూర్చో అమ్మలూ. నోట్లో ముద్దుంది, ముందు నమలు” అంది. గొంతు పెంచలేదు. అద్దం వెనక నుంచి రోగులకు చెప్పే గొంతే అది. అమ్మాయి కూర్చుంది.

ఎవరూ చెప్పకుండానే బల్ల చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టారు. ఎవరూ కదల్లేదు. ఆమె మాత్రం నెమ్మదిగా ఊపిరి వదిలి, ముద్ద నోట్లో పెట్టుకుంది. కూర బాగా కుదిరింది. వేడిగా ఉండగా తన కూర రుచి ఎలా ఉంటుందో ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

కాసేపటికి నేల మీద కుర్చీ గీసుకున్న చప్పుడైంది. బరువైన చప్పుడు, అలవాటు లేని చప్పుడు. ఆమె తలెత్తలేదు, రెండో ముద్ద కలుపుకుంది. ఆ చేతుల కుర్చీ కింద మొదటి గీత ఎక్కడ పడిందో, తినడం అయ్యాక చూసుకోవచ్చు.