గోటికి ఊడని బుడిపె

సోయాచిక్కుడు సాలులో గొంతుకూర్చున్న పెద్దాయన ఒక మొక్కను పీకి, మట్టి దులిపి భార్యకు గర్వంగా చూపించాడు.

"చూశావా? వేర్ల నిండా బుడిపెలే. ఇవే మొక్కకు బలం."

"అంత బలముంటే ఆకు పసుపు మచ్చలేసి ముడుచుకుపోయిందేం?"

"మందు కొడితే అదే సర్దుకుంటుంది. నీకన్నీ అనుమానాలే."

పక్క చేను ఆయన తమ్ముడిది. కలుపు యంత్రం ఇద్దరిదీ. పని కాగానే మట్టితోనే గట్టు దాటించడం ఏళ్లుగా వాళ్లకు అలవాటు. కడిగి ఇస్తే పరాయివాళ్లకు ఇచ్చినట్టుంటుందని తమ్ముడు నవ్వేవాడు.

మధ్యాహ్నం వచ్చిన వ్యవసాయాధికారిణి ఆ బుడిపెను గోటితో గిల్లింది. ఊడలేదు.

"మేలుచేసే బుడిపె గిల్లితే ఊడొస్తుంది బాబాయ్. ఇక్కడ వేరు తానే ఉబ్బింది. లోపల కంటికి ఆనని నులిపురుగులున్నాయి."

"మరి ఆకు?"

"అది వైరస్. తెల్లదోమ తెచ్చిపెట్టింది. వేరు నీళ్లందించదు, ఆకు తిండి వండదు. ఒక్కటే వస్తే కాస్తో కూస్తో చేతికందేది. రెండూ కలిసొచ్చాయి. కాయల్లో గింజ నిండదు."

"మందేమైనా..."

ఆవిడ తన సంచిలోని నీళ్లసీసా తీసి ముందు ఆయన చేతికిచ్చింది. జవాబు ఆయనకు అప్పుడే తెలిసిపోయింది.

"ఈ పంటకు లేదు బాబాయ్. వచ్చేసారి పంట మార్చండి. ఈ మట్టిని మాత్రం ఇంకో చేలోకి పోనివ్వకండి."

అంతలో గట్టు మీదనుంచి తమ్ముడి కేక.

"అన్నయ్యా, యంత్రం ఇస్తావా, దాన్ని కాపురానికి తెచ్చుకున్నావా?"

యంత్రం పాడైపోయిందని చెబితే సరిపోయేది. చేను చెడిందని నలుగురికీ తెలియకుండా పోయేది. ఆ మాట పెద్దాయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మొక్కను పైకెత్తి అంతా చెప్పాడు.

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. తన చేలో ఒక మొక్క పీకాడు. బుడిపెను గిల్లాడు. మళ్లీ గిల్లాడు.

"ఆ మూల నిరుడే గిడసబారింది అన్నయ్యా. చేతకానివాడంటావని చెప్పలేదు."

"నా చేనూ నిరుడు అంతేరా. నేనూ నోరు మూసుకున్నాను."

ఊళ్లోని మరో రైతు యంత్రం అడిగి, మర్నాడు వచ్చి తీసుకెళ్తానని ముందే చెప్పి ఉన్నాడు. అన్నదమ్ములు తమ చేలోనే కూర్చుని దాని పళ్ల సందుల్లోని మట్టి గీకసాగారు. ఎవరి పంటా దక్కదని ఇద్దరికీ తెలుసు. పెద్దాయన భార్య బిందెతో నీళ్లు పోస్తుంటే అధికారిణి కూడా కొంగు బిగించి చెయ్యి వేసింది.

"ఆ రైతుకు యంత్రం ఇచ్చేటప్పుడు ఈ సంగతీ చెప్పండి," అందావిడ. "మన చేనికొచ్చిన జబ్బును పరువు కోసం దాచామంటే, పక్కవాడి చేలో దాన్ని మన చేత్తో విత్తినట్టే."