కాలేజీకిచ్చిన ఒళ్ళు

మా ఆయన దాసయ్య జమ్మలమడుగు మిషన్ బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. చచ్చాక తన దేహాన్ని మెడికల్ కాలేజీ పిల్లల చదువుకు ఇస్తానని సంతకం పెట్టి వచ్చిన రోజు నుంచి మనిషి మారిపోయాడు. తన ఒంటినే పరాయివాడిలా ‘ఆయప్ప’ అనడం మొదలుపెట్టాడు. ఆయప్పకు ఆకలేస్తాందంట, అన్నం పెట్టు అనేవాడు. గాటు పడుతుందని గడ్డం గీసుకోవడం మానేశాడు. దోమ వాలితే కొట్టకుండా మెల్లగా ఊదేవాడు. నేను భుజం మీద చెయ్యేస్తే గోళ్ళు చూసుకోమనేవాడు. నా మొగుడి మీద చెయ్యేయడానికి నాకెవరి పర్మిషన్ కావాలి? నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. నవ్వేవాడు. ఆ నవ్వు కూడా ఆయనది కానట్టే ఉండేది.

పోయిన వేసవిలో చర్చివాళ్ళతో గండికోటకు పోయినప్పుడు కాలికి ముల్లు దిగింది. షుగర్ ఒళ్ళు కదా, పుండు మానలేదు. వేళ్ళు నల్లబడ్డాయి. రెండు వేళ్ళు తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదన్నాడు ప్రొద్దుటూరు డాక్టరు. మా ఆయన కాలు దుప్పట్లో దాచుకున్నాడు.

“తీయించేకి నేనెవురు? ఆయప్పను నిండుగా అప్పజెప్తానని మాటిచ్చినా. వేలు తక్కువైతే కాలేజోళ్ళు తీసుకోరు” అన్నాడు.

మా కొడుకు బాబ్జీ బతిమాలాడు. పులివెందుల నుంచి ఆడబిడ్డ వచ్చి ఏడ్చింది. కాలేజీకే ఫోన్ చేసి అడుగుదామంటే, అనుమానపడి పేరు కొట్టేస్తారని ఫోన్ లాక్కున్నాడు. జ్వరంలో ఆ కాలితోనే మాట్లాడేవాడు. కొంచెం ఓర్చుకో, పిల్లోళ్ళు నీకోసం కాచుకోనుండారు అనేవాడు. వాసనకు పక్కింటి లాల్‌బీ ఊదొత్తులు తెచ్చి వెలిగించింది. ఆ గదిలో ఇద్దరున్నట్టుండేది. ఇద్దరిలో నా మొగుడెవరో నాకు తెలిసేది కాదు.

ఆదివారం ఆరాధన వేళకు ప్రాణం పోయింది. మధ్యాహ్నం కాలేజీ వ్యాన్ వచ్చింది. వచ్చినాయన దుప్పటి తీసి, కాలు చూసి, మళ్ళీ కప్పేశాడు. ఒళ్ళంతా విషం పాకిందనీ, ఇలాంటి దేహాన్ని పిల్లల ముందు పెట్టలేమనీ చెప్పాడు.

వేళ్ళు లేకుంటే తీసుకోరా అని అడిగాను.

“వేళ్ళదేముందమ్మా, అవి లేకపోయినా తీసుకుంటాం” అన్నాడు.

వ్యాన్ ఖాళీగా పోయింది. పెట్టెలో పెట్టకముందు నేనే స్నానం చేయించాను. ఎక్కడ గీసుకుంటాయోనని గాజులు పైకి తోసుకుంటూ, నేనేం చేస్తున్నానో తెలిసి నా మీద నాకే మండింది. గాజులు కిందికి లాగి, భుజం గట్టిగా పట్టుకుని తోమాను.

“కుంటికాలితో ఉన్నా నాకు పనికొస్తాంటివి కదయ్యా. నన్నొక మాటన్నా అడక్కపోతివే” అన్నాను.