తామరపువ్వు మీద డాక్టర్

తైవాన్‌లోని తైనాన్‌లో మా మామగారు బీపీ మాత్రలు మానేశారు. రోజూ వేడి అనాసపండు నీళ్ళు తాగితే చాలని మా బావగారు జిన్‌షెంగ్, వాట్సాప్‌లాంటి ‘లైన్’ యాప్‌లో మా కుటుంబం గ్రూపులో పెట్టారు. వారంలో బీపీ నూట ఎనభైకి ఎక్కింది.

“దానికి ఆధారం ఏమిటి బావగారూ?” అని రాశాను.

“పెద్ద డాక్టరే చెప్పాడమ్మా!”

“ఆయన పేరు?”

జవాబుగా గ్రూపులో పదకొండు ‘శుభోదయం’ తామరపువ్వు బొమ్మలు వచ్చాయి. “పెద్దవాళ్ళని నిలదీస్తావా?” అని అత్తగారు కసిరారు.

మర్నాడు నేనే ఒక తామరపువ్వు బొమ్మ మీద “బీపీ మాత్రలు మానకండి. ఇట్లు, పెద్ద డాక్టర్” అని రాసి, మా ఆడపడుచు ఒక్కదానికే పంపాను. మధ్యాహ్నానికి అది గ్రూపులోకి వచ్చింది. బావగారు దణ్ణం బొమ్మలు మూడు పెట్టారు.

మామగారు మాత్ర మింగి, ఫోను నాకు చూపించారు.

“చూడమ్మాయ్, ఆధారమంటే ఇలా ఉండాలి!”