ప్లైవుడ్ మేడ

సర్కారు ఇళ్ల సర్వే చేసే హైమావతి కిందటేడు ఎండకు భయపడి జీపు దిగలేదు. రోడ్డు మీంచే మేడను చూసి, పక్కా భవనమని రాసేసింది.

ఈసారి తలుపు తోస్తే లోపల గదుల్లేవు, ఆకాశం కనిపించింది. షూటింగయ్యాక ఫిల్మ్‌నగర్‌లో వదిలేసిన ప్లైవుడ్ సెట్టింగు అది. దాని వెనకాల బాలమణి కాపురముంటోంది.

"ఎంతమంది మీరు?"

"నేను, ఇద్దరు పిల్లలు. మూడోది, చిన్నది, నిరుడు వానల తడిసి, దగ్గి దగ్గి సచ్చిపోయింది. బంగ్లాల ఉన్నోళ్లకు సర్కారు ఇల్లెందుకన్నరు మేడమ్. ఈసారన్న గుడిసె అని రాయుండ్రి."

హైమావతి గుడిసె అని రాసింది.

పిల్లలిద్దరితో జీపుదాకా సాగనంపబోతూ బాలమణి అంది: "తలుపు జర మెల్లగ ఎయ్యుండ్రి. అది లేస్తది."

"ఎవరు?"

బాలమణి పిల్లలిద్దరి చేతులు పట్టుకుని ముందుకు నడిచింది. మూసిన తలుపు అవతల చిన్నగా దగ్గు వినిపించింది.