చుక్క ఆగేదాకా

చుక్క... చుక్క... చుక్క...

జీడిమామిడి కొమ్మకు రుగుమా వేలాడుతోంది. పాములాంటి పొడుగాటి అల్లిక సంచి. కడుపు నిండా కర్రపెండలం తురుము, కొసకు కట్టిన రాయి. కింద పళ్లెంలోకి తెల్లటి రసం కారుతోంది.

పాలలా ఉంటుంది. తాగితే ప్రాణం తీస్తుంది.

రసం గోతిలోకి పోవాలి. పిండి పెనం మీదికి రావాలి. మా సముద్రపు ఒడ్డున పసిపిల్లలకూ తెలుసు.

నా భార్య సాబినాకు అందరికంటే బాగా తెలుసు.

పోయిన నెల ఆ రసాన్ని కోళ్ల తొట్టిలో పోసింది.

కోళ్లన్నీ ఇసుకలో... గాలికి ఈకలే కదిలాయి.

"నేనేనా పోసింది?"

అని నన్నడిగింది. నేను చచ్చిన కోళ్లను ఏరసాగాను. ఇంట్లో మాటలెప్పుడూ ఆమెవే.

ఊరి ఆడవాళ్లంతా కలిసి రొట్టెలు కాల్చే పాకకు పెట్రోనా పెద్ద. సాబినా మొహం మీదే అనేసింది. "ఇవాళ కోళ్లు, వదినా. రేపు మేమా? పెనం జోలికి రాకు. మూల కూర్చుని పాట పాడు."

ఆడవాళ్లంతా నవ్వారు. సాబినా కూడా నవ్వింది.

ఇంటికొచ్చి, కాలిన మచ్చల చేతుల్ని ఒళ్లో పెట్టుకుంది. పరాయి వస్తువుల్లా చూసింది.

ఆస్పత్రి నర్సు నెమ్మదిగా చెప్పింది. "పిచ్చి కాదు తాతా, మరుపు. ఇలాగే ఉండిపోవచ్చు, ముదరనూ వచ్చు. బీపీ మాత్రలు ఆపొద్దు. చెవులు కూడా చూపించు, సరిగా వినపడకపోతే మరుపు పెరుగుతుంది. పని మాత్రం మాన్పించకు. రోజూ ఒకే వరసలో చెయ్యనీ. పక్కనుండి చెబుతూ ఉండు."

చెబుతూ ఉండాలట — నేను.

ఇన్నాళ్లూ తను అడిగిందే అడిగితే వాగుడనుకున్నాను. తలూపి ఊరుకున్నాను.

అది భయమని తెలియలేదు... తెలిస్తే ఒక్క మాట అనేవాణ్ణి.

గోతి దగ్గర ఎర్రగుడ్డ కట్టాను. పళ్లెం ఎత్తినప్పుడల్లా నోరు విప్పుతున్నాను.

"ఎర్రగుడ్డ వైపు, సాబినా."

"తెలుసులేవయ్యా! పెళ్లినాడు కూడా ఇన్ని మాటలాడలేదు నువ్వు."

నవ్వుతుంది. గోతి వైపు నడుస్తుంది.

ఇవాళ పెట్రోనా వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నువ్వు నోరెత్తకు, అన్నా. తనంతట తను చేస్తే రేపే పాకకు రమ్మంటా."

సాబినా పళ్లెం ఎత్తింది. నడిచింది.

ఆగింది.

అటు ఎర్రగుడ్డ. ఇటు తొట్టి, కొత్త కోడిపిల్లలు నీళ్లు తాగుతున్నాయి.

నా వైపు తిరిగింది. కళ్లతో అడిగింది.

పెట్రోనా చూస్తోంది.

బతుకంతా మూసుకున్న నోరు. ఇప్పుడు తెరిస్తే ఆమెకు పెనం లేదు. తెరవకపోతే, ఆ రసం తొట్టిలోకి...

వెనక, రుగుమా కింద, పళ్లెం లేని చోట, ఇసుక మీద —

చుక్క... చుక్క...