కొత్తమ్మాయి కుర్చీ

తడి దుప్పటి కొసలు రెండూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఇస్త్రీ యంత్రం రోలర్ల మధ్యకు అందించింది కొత్తమ్మాయి. జుట్టు నెరిసింది, మనవరాలు బడికి పోతోంది. అయినా ఆ ఆసుపత్రి లాండ్రీలో ఆమె కొత్తమ్మాయే. ఏటా కాంట్రాక్టు ముగియగానే ఒకరోజు ఇంట్లో కూర్చోబెట్టి, మర్నాడు కొత్తగా చేర్చుకుంటారు మరి! కొత్తవాళ్లకు కుర్చీ ఉండదు. కుర్చీ పర్మినెంటు వాళ్లది.

ఆ గదిలో పర్మినెంటు మనిషి పెద్దక్క ఒక్కతే. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. కొత్తమ్మాయి మోకాళ్లు మొరాయించిన నాటి నుంచి తన కుర్చీని ఇద్దరిదీ చేసింది. గంటసేపు ఈమె, గంటసేపు ఆమె. అత్త సొమ్ము అల్లుడి దానమా అని సూపర్‌వైజరు వెక్కిరిస్తే, ఎక్కువసేపు కూర్చుంటే తన నడుం పట్టేస్తుందని దబాయించేది.

ఈ రోజుతో పెద్దక్క రిటైరవుతోంది. కుర్చీ స్టోరుకు పోతుంది. నిలబడలేని మనిషిని వచ్చే కాంట్రాక్టులో తీసుకోరు. పొద్దుటి నుంచి కొత్తమ్మాయికి అదే దిగులు. అయినా నవ్వుతూనే తిరిగింది. ఇంత చేసిన మనిషికి ఆఖరి రోజున ఏడుపు మొహం చూపిస్తే కళ్లు పోతాయి.

మధ్యాహ్నం పైన హాల్లో వీడ్కోలు సభ. కాంట్రాక్టు వాళ్లకు పిలుపు లేదు, యంత్రాలు ఆగకూడదు కదా. చప్పట్లు కిందికి వినిపిస్తే కొత్తమ్మాయి కూడా తడి చేతులతో కొట్టింది. అంతలో స్టోరు మనిషి వచ్చి కుర్చీ పట్టుకుపోయాడు. ఆమె బల్లకు ఆనుకుని నిలబడింది.

సాయంత్రం పెద్దక్క ఆయాసపడుతూ దిగివచ్చింది. వెనకే లిఫ్టు మనిషి, అట్ట చుట్టిన కొత్త కుర్చీ మోసుకుంటూ. బహుమతిగా గోడగడియారం ఇస్తామంటే, కుర్చీయే కావాలని ఆఫీసులో గొడవ పెట్టుకుందట.

"ఇది అత్త సొమ్ము కాదు, నాదే. ఎవరడిగినా ఆ మాటే చెప్పు."

"ఇంటికి పట్టుకెళ్లవా అక్కా?"

"ఇంట్లో నాకు మంచం ఉందే, పిచ్చిదానా."

కొత్తమ్మాయి ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "నీ వల్లే నా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది అక్కా," అంది. పెద్దక్క చాల్లే అని విసుక్కుని, ముక్కు చీదుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

కొత్తమ్మాయి కూర్చుని దుప్పట్లు మడతపెట్టింది. గంట కాగానే అలవాటుగా లేచి, పక్కకు జరిగి, తలుపు వైపు చూసింది. రోలర్ల పక్కన, సగం అట్ట ఊడిన కుర్చీ ఖాళీగా ఉంది, ఇంకా వెచ్చగానే.